ఆప్తవాక్యం ఎవరిది? కృష్ణపట్నం మందు ఉదంతంలో అధికారిక ప్రకటన, కుట్ర కథనం

వ్యాససంగ్రహం:
2021 మే నెలలో కోవిడ్ రెండవ దశ ఉద్ధృతంగా ఉన్నప్పుడు నెల్లూరు తీరంలోని కృష్ణపట్నంలో పంపిణీ అయిన నాటుమందు చుట్టూ 'ఔషధ కంపెనీల కుట్ర' అన్న కథనం బలంగా అల్లుకుంది. దానిని మూఢనమ్మకంగా కొట్టివేసిన విమర్శ, దేశీయ విజ్ఞానపు తిరుగుబాటుగా కీర్తించిన విమర్శ రెండూ ఒకే ప్రశ్నను తప్పించుకున్నాయని ఈ వ్యాసం వాదిస్తుంది. ప్రభుత్వ ప్రకటనల భాష, పత్రికల పక్షపాతం, గత అనుభవాల జ్ఞాపకం కలిసి అవిశ్వాసాన్ని ఎలా పెంచాయో, అందులో సహేతుకమైనది ఎంతో, అది హేత్వాభాసగా మారినది ఎక్కడో న్యాయదర్శనంలోని శబ్దప్రమాణ చర్చ వెలుగులో పరిశీలించడం దీని పరిధి.

కీలకపదాలు: కృష్ణపట్నం, ఆనందయ్య మందు, కుట్ర కథనం, పుకారు, ఆప్తవాక్యం, శబ్దప్రమాణం, తెలుగు పత్రికలు, కోవిడ్.

1. ఉపోద్ఘాతం

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలంలో కండలేరు సముద్రంలో కలిసే చోట ఉన్న రేవు గ్రామం కృష్ణపట్నం. 2021 ఏప్రిల్ చివరి నుండి ఆ గ్రామంలో బొణిగి ఆనందయ్య అనే నాటువైద్యుడు కోవిడ్‌కు మందు ఇస్తున్నారన్న మాట మొదట చుట్టుపక్కల ఊళ్ళకు, తరువాత జిల్లాకు, మే మూడవ వారానికి రెండు తెలుగు రాష్ట్రాలకూ పాకింది. మే 5 నుండి రాష్ట్రంలో మధ్యాహ్నం 12 గంటలు మొదలుకొని మరునాటి ఉదయం 6 వరకు కర్ఫ్యూ అమలులో ఉంది. అయినా మే 21న వేలాదిమంది ఆ ఊరికి చేరారు. స్థానిక శాసనసభ్యుని సమక్షంలో పంపిణీ మొదలైంది. జనాన్ని అదుపు చేయలేక అదే రోజు ఆగిపోయింది.

ఆగిన మరుక్షణం నుండి వ్యాపించిన కథనమే ఈ వ్యాసానికి ముడిసరుకు. మందు పనిచేస్తోంది కాబట్టే ఆపించారని, వెనుక ఔషధ కంపెనీలు, కార్పొరేటు ఆసుపత్రులు ఉన్నాయని, ఆనందయ్యను మాయం చేశారని దాని సారాంశం. పేర్లు, వివరాలు మారుతూ వచ్చినా ఈ మూడు అంశాలూ దాదాపు ప్రతి రూపంలోనూ ఉన్నాయి. జానపద కథాధ్యయనం చేసినవారికి ఇది పరిచితమైన లక్షణమే: కథాంశాలు స్థిరం, పాత్రలు చంచలం.

ఈ ఉదంతంపై అప్పట్లో వచ్చిన వ్యాసాలు, చర్చలు ప్రధానంగా రెండు గట్ల మీద నిలిచాయి. హేతువాద పక్షం దీనిని మూఢనమ్మకం అన్నది. దేశీయవాద పక్షం పరాయి వైద్యాధిపత్యంపై పల్లె జ్ఞానం చేసిన తిరుగుబాటు అన్నది. మొదటిది ప్రజలను అజ్ఞానులుగా చూసింది. రెండవది వారిని ప్రతీకలుగా చూసింది. కృష్ణపట్నం బాట పట్టిన మనిషి ఎవరి మాటను, ఏ కారణంతో నమ్మాడు, మరెవరి మాటను ఎందుకు నమ్మలేదు అన్న ప్రశ్న ఈ రెండింటిలోనూ లేదు. మందు గుణదోషాలను తేల్చవలసింది వైద్యశాస్త్రం. మాటను నమ్మడం, నమ్మకపోవడం మాత్రం సాహిత్య విమర్శకు పరాయి విషయం కాదు.

2. 'కుట్ర' అనే మాట వెనుక

ఇంగ్లీషులోని 'కాన్‌స్పిరసీ థియరీ'కి తెలుగులో 'కుట్ర సిద్ధాంతం' అన్న అనువాదం వాడుకలోకి వచ్చింది. నా దృష్టిలో ఇది సరైన అనువాదం కాదు. మన తర్క సంప్రదాయంలో పూర్వపక్షాన్ని ఎదుర్కొని, దానికి సమాధానం చెప్పి నిలిచినదే సిద్ధాంతం. పూర్వపక్షాన్ని లోపలికే రానివ్వని దానికి ఆ పేరు పెట్టడం గౌరవం ఎక్కువ చేయడమే. ఈ వ్యాసంలో 'కుట్ర కథనం' అన్న మాటనే వాడుతున్నాను.

ఇంకొక సంగతి కూడా గుర్తు చేసుకోవాలి. తెలుగు సాహిత్య లోకానికి 'కుట్ర' అన్న మాటను బాగా పరిచయం చేసింది ప్రజలు కాదు, ప్రభుత్వం. శ్రీకాకుళ ఉద్యమం తరువాతి పార్వతీపురం కుట్ర కేసు, విప్లవ రచయితలను నిందితులుగా చేర్చిన సికింద్రాబాద్ కుట్ర కేసు ఇందుకు నిదర్శనాలు. 1974లో మొదలైన సికింద్రాబాద్ కేసు 1989లో నిందితులు నిర్దోషులన్న తీర్పుతో ముగిసింది. చెదురుమదురు ఘటనలను, కవితలను, ఉపన్యాసాలను ఒకే రహస్య పథకంలో భాగాలుగా చూపి, ఒక్క కర్త కిందికి తెచ్చే కథన పద్ధతిని రాజ్యమే న్యాయస్థానంలో పదిహేనేళ్ళు నడిపింది. కుట్ర కథనాన్ని చదువురాని జనపు జాడ్యంగా మాత్రమే చూసేవారు ఈ చరిత్రను పక్కన పెట్టి మాట్లాడుతున్నారు.

కుట్ర దృష్టి గురించి కార్ల్ పాపర్ 1945లో చేసిన విశ్లేషణ ప్రసిద్ధం. ఒకప్పుడు దేవతల ఇచ్ఛకు ఆపాదించిన సంఘటనలను ఇప్పుడు శక్తిమంతులైన మనుషుల ఇచ్ఛకు ఆపాదించడమే దాని స్వరూపమని ఆయన భావం. పుకారును చరిత్రకు ఆధారంగా చదవడం నేర్పినది మరొక సంప్రదాయం. 1789 నాటి ఫ్రెంచి గ్రామాల భయోత్పాతంపై జార్జి లెఫెవ్ర్ 1932లో, వలసకాలపు రైతు తిరుగుబాట్లపై రణజిత్ గుహ 1983లో వెలువరించిన గ్రంథాలు ఈ దారిలోవి. కర్త ఎవరో తెలియకుండా, చెప్పిన ప్రతివాడూ కొంత చేరుస్తూ సాగే పుకారు నిరక్షరాస్య సమాజపు సమాచార సాధనమని గుహ చూపారు. కృష్ణపట్నం విషయంలో ఈ చట్రాన్ని యథాతథంగా వాడుకోలేము. ఇక్కడ పుకారును మోసినవారు అక్షరాస్యులు, చేతిలో ఫోను ఉన్నవారు, పలువురు ఉద్యోగస్థులు. అయితే కర్త లేకపోవడం అన్న లక్షణం అలాగే ఉంది. ఫార్వర్డు చేసినవాడు తాను చెప్పినట్టు కాదు కదా!

3. ఆ నెల ఎటువంటిది

ఏ కథనమైనా పుట్టిన ఋతువును బట్టి అర్థమవుతుంది. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరాకు అంతరాయం కలిగి 11 మంది మరణించారని అధికారులు ప్రకటించారు. అంతకంటే ఎక్కువమంది పోయారని బంధువులు, ప్రతిపక్షాలు అన్నాయి. ఆ తరువాత జూలై 20న, ఆక్సిజన్ కొరత వల్ల మరణాలు సంభవించినట్లు రాష్ట్రాలు ప్రత్యేకంగా నివేదించలేదని కేంద్ర ప్రభుత్వం రాజ్యసభకు తెలిపింది. రుయా ఘటన గురించి ఆంధ్రప్రదేశ్ ఇచ్చిన సమాచారం ఆగస్టులో పార్లమెంటు ముందుకు వచ్చింది. జూలై జవాబు సాంకేతికంగా అబద్ధమని చెప్పలేము. కానీ తిరుపతిలో ఆ రాత్రి వార్డులో ఉన్నవారి బంధువు దానిని ఎలా చదువుతాడు?

మరణాల లెక్కలూ అంతే. 2021 మే ఒక్క నెలలో రాష్ట్ర పౌర నమోదు వ్యవస్థలో నమోదైన మొత్తం మరణాలు సుమారు లక్షా ముప్పై వేలని పాత్రికేయ పరిశోధన బయటపెట్టింది. మహమ్మారికి ముందు మే నెలల సగటు సుమారు 27 వేలు. ఆ నెలలో ప్రభుత్వ బులెటిన్లలో కోవిడ్ మరణాలుగా చూపినవి సుమారు మూడు వేలు. దేశం మొత్తం మీద 2020, 2021 సంవత్సరాలలో 47 లక్షల అదనపు మరణాలు సంభవించి ఉంటాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో అంచనా వేసింది. 2021 చివరికి భారత ప్రభుత్వ లెక్క 4.81 లక్షలు. గణనపద్ధతి సరికాదని భారత ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. పద్ధతిపై వాదన సాగవచ్చు. ఊరి శ్మశానంలో చితులు లెక్కపెట్టుకున్నవాడికి బులెటిన్‌లోని అంకె తప్పని తెలుసుకోవడానికి ఏ పద్ధతీ అక్కరలేదు. ఇక్కడ అవిశ్వాసం అనుమానం కాదు, పరిశీలన.

వైద్యశాస్త్రం తన మాటను తానే మార్చుకుంటున్న కాలం కూడా అది. బంధువులు రాత్రింబవళ్ళు దాతల కోసం తిరిగిన ప్లాస్మా చికిత్సను భారత వైద్య పరిశోధన మండలి 2021 మే 17న మార్గదర్శకాల నుండి తొలగించింది. రక్షణ పరిశోధన సంస్థ, డాక్టర్ రెడ్డీస్ కలిసి రూపొందించిన 2-డీజీ పొడిని అదే రోజు ఢిల్లీలో విడుదల చేశారు. రెమ్‌డెసివిర్ వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబరులోనే సూచించింది. ఆరు నెలల తరువాత కూడా మన ఊళ్ళలో దానిని నల్లబజారులో కొన్నారు. ఆధారాలు మారితే మాట మారడం శాస్త్రానికి గుణం. ఆ మార్పును ఎందుకో విడమరచి చెప్పే గొంతు లేనప్పుడు వినేవారికి అది తడబాటుగానే వినిపిస్తుంది. 'వాళ్ళకే తెలియదు' అన్న మాట ఆ నాలుగు రోజులలో ఎంతగా వినబడిందో తెలుగు పాఠకులకు జ్ఞాపకమే.

4. 'హాని లేదు' అన్న వాక్యం

ఈ ఉదంతంలో అత్యంత ప్రభావవంతమైన వాక్యం ఏ ఫార్వర్డులోనూ పుట్టలేదు. అది ప్రభుత్వ ప్రకటనలో పుట్టింది. మందును పరిశీలించిన ఆయుష్ అధికారులు రెండు మాటలు చెప్పారు: వాడిన దినుసులలో హానికరమైనవి లేవు, దీనిని ఆయుర్వేద మందుగా గుర్తించలేము, నాటుమందు అనవచ్చు. రెండూ జాగ్రత్తగా చెప్పిన మాటలే. వాటి పరిణామం మాత్రం చెప్పినవారు ఊహించినట్టు లేదు.

మందు విషయంలో తెలుగువారి వ్యవహారం రెండు సంగతులను వేరువేరుగా అడుగుతుంది. మందు గుణమిచ్చిందా? మందు వికటించిందా? అధికారి జవాబు చెప్పింది రెండవ దానికే. వేప, మారేడు, నేరేడు చిగుళ్ళు, తెల్లజిల్లేడు మొగ్గలు, పసుపు, తేనె వంటి దినుసుల జాబితా చదివిన వారికి ఆ జవాబు కొత్తదేమీ కాదు. వేపచిగురు ప్రాణం తీయదని చెప్పడానికి కమిషనరు అక్కరలేదు. అడగని ప్రశ్నకు జవాబు వచ్చి, అడిగిన ప్రశ్నకు మౌనం ఎదురైనప్పుడు శ్రోత ఆ మౌనాన్ని తనకు కావలసినట్టు నింపుకుంటాడు. 'హాని లేదు' అన్నది ఒక్క పూటలో 'పనిచేస్తుందని సర్కారే ఒప్పుకుంది'గా మారింది. అక్కడి నుండి తరువాతి మెట్టు సహజం: హాని లేనిదాన్ని ఎందుకు ఆపారు? ఎవరికో నష్టం కనుక.

ఆపడానికి కారణం గుంపు. వైరస్ వ్యాపించే వేళ వేలమంది ఒకరినొకరు తోసుకోవడం. ఈ కారణం నిజం, సరిపోయేది కూడా. కానీ ప్రకటనల వ్యాకరణాన్ని చూడండి. 'పంపిణీ నిలిపివేయబడింది', 'నివేదిక కోరడమైనది', 'పరిశీలన జరుగుతున్నది'. కర్మణి ప్రయోగం పాలనాభాషకు సొంత ఇల్లు. ఎవరు నిలిపారు, ఎవరు కోరారు, ఎంతకాలానికి జవాబిస్తారు అన్నవి ఆ వాక్యాలలో లేవు. కుట్ర కథనం చేసే మొదటి పని ఆ కర్తృలోపాన్ని పూరించడం. కంపెనీలు ఆపించాయి, ఆసుపత్రులు ఆపించాయి, పెద్దలు ఆపించారు. వాక్యం సంపూర్ణమవుతుంది. సంపూర్ణమైన తప్పు వాక్యం, అసంపూర్ణమైన సరైన వాక్యం ఎదురైతే చెవికి ఎక్కేది మొదటిదే. భాషాశాస్త్రం చదివిన వారికి ఇందులో ఆశ్చర్యం ఉండదు. పాలనాభాషపై ఇన్ని సిద్ధాంత గ్రంథాలు వెలువడినా ఈ దృష్టితో పరిశీలన జరగకపోవడమే ఆశ్చర్యం.

ఆనందయ్యను ఊరినుండి తరలించి పోలీసు రక్షణలో ఉంచినప్పుడూ ఇదే జరిగింది. రక్షణ అని అధికారులు, నిర్బంధం అని అభిమానులు. మనిషి కనబడకపోవడం అన్న ఒక్క వాస్తవానికి రెండు క్రియాపదాలు.

ఇక తుది నిర్ణయం. ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు సొంత జిల్లా విషయం కావడంతో కేంద్ర ఆయుష్ మంత్రితో మాట్లాడారు. కేంద్ర ఆయుర్వేద విజ్ఞాన పరిశోధన మండలి పరిధిలో, తిరుపతి, విజయవాడ ఆయుర్వేద సంస్థల వైద్యులు మందు తీసుకున్నవారిలో సుమారు 500 మందితో ఫోనులో మాట్లాడి వివరాలు సేకరించే పనికి పూనుకున్నారు. నివేదికలు అందాక మే 31న రాష్ట్ర ప్రభుత్వం కంటి చుక్కలను మినహాయించి పంపిణీకి అనుమతినిచ్చింది. పి, ఎఫ్, ఎల్ అన్న అక్షరాలతో పిలిచిన మందులకు వెంటనే, కమిటీ ముందు తయారు చేసి చూపని 'కె' మందుకు హైకోర్టు జోక్యం తరువాత అనుమతి లభించింది. కోవిడ్ తగ్గుతుందనడానికి నిర్ధారణ లేదని, వైద్యులిచ్చిన మందులు మానవద్దని ప్రభుత్వం అదే ప్రకటనలో చెప్పింది. జూన్ 7న పంపిణీ మళ్ళీ మొదలైంది.

ఇక్కడ ప్రభుత్వం చేసిన తప్పు కుట్రకు విరుద్ధమైనది. ఒత్తిడికి లొంగి, ఆధారం లేదని తానే చెప్పిన మందుకు తన ముద్ర వేసింది. నిర్ధారిత కోవిడ్ కేసులలో మరణించినవారు నూటికి ఇద్దరి కంటే తక్కువ. అటువంటి రోగంలో ఏ మందు తీసుకున్నవారిని పిలిచి అడిగినా అత్యధికులు 'తగ్గింది' అనే చెబుతారు. మందు తీసుకోని వారితో పోల్చి చూడకుండా ఆ మాటలకు విలువ లేదు. ఈ ఒక్క సంగతిని నాలుగు వాక్యాలలో, పల్లెవారికి అర్థమయ్యే తెలుగులో ఏ అధికారీ ప్రజలకు విప్పి చెప్పినట్టు కనబడదు. తేనె, ముళ్ళవంకాయ వంటి దినుసులతో చేసిన చుక్కలను కంటిలో వేయడం ఎందుకు వేరే విషయమో, కడుపులోకి పోయేదానికి లేని సూక్ష్మజీవిరహిత నియమం కంటికి ఎందుకు ఉందో కూడా అంతే. చుక్కలను మినహాయించారు, కారణం సామాన్యుని దాకా రాలేదు. అందరికంటే ఎక్కువ నమ్మకం ఉన్నది చుక్కల మీదే కనుక, మినహాయింపే కొత్త కథనానికి ఆధారమైంది.

5. ఉచితం ఒక ప్రమాణం

న్యాయదర్శనం ప్రత్యక్ష, అనుమాన, ఉపమానాలతో పాటు శబ్దాన్ని ప్రమాణంగా అంగీకరిస్తుంది. ఆప్తుని వాక్యమే శబ్దప్రమాణం. ఆప్తుడంటే ఎవరు? వాత్స్యాయన భాష్యం ప్రకారం అతనికి కులంతో, జాతితో పనిలేదు. ఋషి కావచ్చు, మ్లేచ్ఛుడు కావచ్చు. విషయాన్ని స్వయంగా ఎరిగి ఉండటం, ఎరిగినదానిని ఉన్నదున్నట్టు చెప్పాలన్న కోరిక ఉండటం అన్నవే అతని లక్షణాలు. అంటే జ్ఞానం ఒకటి, చిత్తశుద్ధి ఒకటి.

కృష్ణపట్నం ఉదంతాన్ని ఈ రెండు కొలతలతో చూస్తే చాలా చిక్కులు విడిపోతాయి. ప్రభుత్వానికి, పెద్ద ఆసుపత్రులకు జ్ఞానం ఉందని జనం ఒప్పుకున్నారు. వారు సందేహించినది చిత్తశుద్ధిని. పడకకు ముందే లక్షలు కట్టమన్న ఆసుపత్రి మాటలో, అంకెలు దాచిన బులెటిన్‌లో రెండవ లక్షణం కనబడలేదు. ఆనందయ్య విషయంలో ఇది తలకిందులు. ఆయన మందును ఉచితంగా ఇచ్చారు. పైసా ఆశించని మనిషికి అబద్ధం చెప్పవలసిన అవసరం ఏముంటుంది? చిత్తశుద్ధికి ఇంతకు మించిన సాక్ష్యం ఆ నెలలో మరెక్కడా దొరకలేదు. ఇంతవరకు ఈ తర్కం పటిష్ఠమే.

తర్కం జారిపోయేది తరువాతి అడుగులో. చిత్తశుద్ధికి సాక్ష్యమైన ఉచితం జ్ఞానానికి కూడా సాక్ష్యమైపోయింది. మంచివాడు కనుక మందు మంచిది. మన వైద్య సంస్కృతిలో 'హస్తవాసి' అన్న భావన ఈ జారుడుకు ఎప్పటి నుండో మెట్టు వేసి ఉంచింది. గుణం మందులోనే కాక ఇచ్చే చేతిలోనూ ఉంటుందన్న భావన అది. ఫీజు లేని నాటువైద్యంలో ధనం తీసుకుంటే మందు పనిచేయదన్న నమ్మకమూ ఉంది. హైదరాబాదులో మృగశిర కార్తె నాడు బత్తిని కుటుంబం ఉచితంగా ఇచ్చే చేపమందు వివాదాల తరువాత 'చేపప్రసాదం' అన్న పేరుతో స్థిరపడటం ఇక్కడ పోల్చదగినది. మందు అంటే నిరూపణ అడుగుతారు, ప్రసాదం అంటే అడగరు. కృష్ణపట్నంలో ప్రసాదం అన్న మాట రాలేదు, కానీ వ్యవహారం దాదాపు అదే.

ఉచితమే పునాది కావడం వల్లనే రాజకీయ పక్షాల దృష్టి డబ్బు వైపు మళ్ళింది. మందును ఒక వెబ్‌సైటు ద్వారా అమ్మే ప్రయత్నం జరుగుతోందని, అధికారపక్షం వారు దాని వెనుక ఉన్నారని మాజీ మంత్రి సోమిరెడ్డి చంద్రమోహన్‌రెడ్డి జూన్‌లో ఆరోపించారు. సంబంధిత సంస్థ ఫిర్యాదుతో ఆయనపై కేసు నమోదైంది. ఆరోపణ నిజానిజాల జోలికి ఈ వ్యాసం పోదు. గమనించదగినది ఏమంటే, అప్పటివరకు బయటి కంపెనీలపై ఉన్న కుట్ర కథనం ఆ ఒక్క వారంలో జిల్లా రాజకీయాలలోకి దిగి రెండుగా చీలిపోయింది.

6. ఏ పేపరు?

నెల్లూరు జిల్లాకు పత్రికను నమ్మిన చరిత్ర ఉంది. అక్షరాస్యతా ఉద్యమపు వాచకంలో దూబగుంట మహిళలు సారా దుకాణం మూయించిన కథ పాఠంగా వచ్చింది. 1992లో ఆ ఉద్యమం జిల్లా అంతటా పాకినప్పుడు 'ఈనాడు' దినపత్రిక దానికి విశేషమైన స్థలం కేటాయించింది. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ పత్రికకు రాజకీయ ప్రయోజనం లేదని ఎవరూ అనరు. అయినా ఊరి మహిళ తాను చేసిన పనిని మరునాడు పేపరులో అచ్చయి చూసుకున్నది. ఆమె అనుభవానికి, అచ్చు అక్షరానికి మధ్య దూరం తక్కువగా ఉన్నది.

2021 నాటికి ఆ దూరం పెరిగింది. 2008లో 'సాక్షి' వచ్చిన తరువాత తెలుగు పాఠకుడు వార్త కంటే ముందు 'ఏ పేపరు?' అని అడగడం అలవాటు చేసుకున్నాడు. ఒకే సంఘటన రెండు పత్రికలలో రెండు సంఘటనలుగా కనబడుతుంది. 2021 మేలో టీవీ5, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి చానళ్ళపై రాష్ట్ర పోలీసులు రాజద్రోహం కేసు పెట్టారు. వాటిపై బలవంతపు చర్యలు వద్దని సుప్రీంకోర్టు ఆదేశించినది మే 31న, ఆనందయ్య మందుకు అనుమతి వెలువడిన రోజునే. ఇది యాదృచ్ఛికం. కానీ ఆ రోజు వార్తలు చూసిన ప్రేక్షకుని స్థితిని ఊహించండి. ప్రభుత్వం చానళ్ళను నమ్మవద్దంటోంది, చానళ్ళు ప్రభుత్వాన్ని నమ్మవద్దంటున్నాయి. రెండు పక్షాలూ తమ వాదనలో నెగ్గాయి. వినేవాడు ఇద్దరినీ నమ్మడం మానేశాడు.

చానళ్ళు కృష్ణపట్నంలో చేసిన పని మరొకటి ఉంది. మందును ప్రశ్నించే వైద్యుణ్ణి, సమర్థించే అభిమానిని పక్కపక్క కిటికీలలో కూర్చోబెట్టి సమానంగా సమయమిచ్చాయి. నిష్పాక్షికత అంటే ఇదే అనుకున్నాయి. పరీక్షకు, ప్రశంసకు ఒకే తూకం వేయడం నిష్పాక్షికత కాదు. కంటి చుక్కలు పడగానే లేచి కూర్చున్నానని చెప్పిన ఒక పెద్దాయన వీడియోను ఆ రోజులలో ఎన్నిసార్లు తిప్పి వేశారో లెక్కలేదు. కొద్దిరోజులకే ఆయన ఆసుపత్రిలో మరణించారు. ఆ వార్త వచ్చింది, వెళ్ళింది. కోలుకున్న దృశ్యానికి దక్కిన ఆవృత్తి మరణానికి దక్కలేదు.

7. అనుమానం ఎక్కడ ఆగాలి

ఇంతవరకు చెప్పినదంతా అవిశ్వాసానికి కారణాలు ఉన్నాయని. కారణాలు ఉండటం వేరు, నిర్ణయం సరైనది కావడం వేరు. ఈ తేడాను విడదీయడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే మరొక ఉదాహరణ ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలోని మూడు మండలాలలో సుమారు 14 వేలమంది బాలికలకు పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి హెచ్‌పీవీ టీకా వేయించాయి. వారిలో గిరిజన వసతిగృహాల బాలికలు ఎందరో. కొందరు బాలికల మరణాల వార్తలతో 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమాన్ని నిలిపివేశారు. తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు అంగీకార పత్రాలపై సంతకాలు చేశారని తేలింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. మరణాలకు టీకా కారణం కాదని విచారణ చెప్పింది.

ఇక్కడ రెండు వాక్యాలూ నిజమే. పేదపిల్లలపై అంగీకారం లేని ప్రయోగం జరిగిందన్న ఆరోపణ నిలిచింది. టీకా చంపిందన్న ఆరోపణ నిలవలేదు. మొదటిదానిని నమ్మినవాడు రెండవదానిని నమ్మితే అతణ్ణి అజ్ఞాని అనడం అన్యాయం. మొదటిది నిజం కనుక రెండవదీ నిజమే అని వ్యాసం రాసే విమర్శకుణ్ణి మాత్రం క్షమించలేము.

కృష్ణపట్నం కథనంలోనూ ఈ గీత గీయాలి. బులెటిన్ అంకెలు నమ్మదగినవి కావన్నది అనుమానంగా మొదలై లెక్కలతో రుజువైంది. ఆ అనుమానం ప్రశ్నగా ఉంది: ఎంతమంది పోయారు? జవాబు దొరికే ప్రశ్న అది. ఔషధ కంపెనీలు మందును ఆపించాయన్నది ప్రశ్న కాదు. పంపిణీ ఆపితే కుట్రకు రుజువు. మళ్ళీ అనుమతిస్తే ఒత్తిడికి కుట్రదారులు వెనుకంజ వేశారనడానికి రుజువు. పెద్దాయన లేచి కూర్చుంటే మందు గొప్ప. మరణిస్తే ఆసుపత్రిలో చేర్చడం వల్ల పోయాడన్న మాట. సాధ్యమున్న చోట, లేని చోట రెండింటా కనబడే హేతువు ఏదీ సాధించదని తర్కసంగ్రహం చదివిన విద్యార్థికి కూడా తెలుసు; దానికి సవ్యభిచారమని పేరు. ఏ సంఘటన జరిగి ఉంటే ఈ కథనం తప్పని ఒప్పుకునేవారు? ఆ రోజులలో ఈ ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు, ఎందుకంటే ఎవరూ అడగలేదు. అడగవలసిన హేతువాద పక్షం ఎగతాళిలో మునిగి ఉంది.

కృష్ణపట్నం జనానికి ఈ గీత తెలియదని అనుకోవడానికి వీలులేదు. థర్మల్ కేంద్రాల కోసం జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలను, నేలటూరు పరిసరాలలో బూడిద సమస్యను, 2007లో అట్టహాసంగా ప్రకటించి కట్టకుండానే వదిలేసిన భారీ విద్యుత్ ప్రాజెక్టును, 2020-21లో చేతులు మారిన రేవును చూసినవారు వారు. అధికారిక పత్రంలో రాసినది, నేల మీద జరిగినది రెండింటినీ పోల్చుకోవడం ఆ తీరంలో బతుకుతెరువు విషయం.

2021 డిసెంబరు చివరలో ఒమిక్రాన్ భయం మొదలైనప్పుడు తన దగ్గర మందు ఉందని ఆనందయ్య మళ్ళీ ప్రకటించారు. ఈసారి అడ్డుపడినవారిలో కృష్ణపట్నం గ్రామస్థులే ఉన్నారు. బయటి ఊళ్ళ నుండి రోగులు వస్తే రోగం ఊరికి తగులుతుందని వారి అభ్యంతరం. మందు అసలా నకిలీయా, కంపెనీల కుట్ర ఉందా లేదా అన్న చర్చ వారి మాటలలో రాలేదు. అంబులెన్సులు ఎక్కడ నిలుపుతారు, జబ్బుతో వచ్చినవాళ్ళు ఎక్కడ పడుకుంటారు, ఊళ్ళో ఎవరికైనా తగిలితే పూచీ ఎవరిది అన్న లెక్క వారిది. ఏడు నెలల క్రితం అధికారులు కర్మణి ప్రయోగంలో చెప్పి నమ్మించలేకపోయిన కారణాన్ని ఊరివారు తమ మాటలలో ఆయనకే నేరుగా చెప్పారు.